హంతకునికి అందమేల?



మొన్నటి క్రిస్మస్ పండుగకు మా ఎర్రగుంట్ల దాపున నున్న ఒక పల్లె సంఘములో యౌవనస్థులు నాటకమాడిరి. గొల్లలు వచ్చిరి, జ్ఞానులు వచ్చిరి, అంతయు ఏటేటి వలెనే జరుగుచుండెను. తరువాత హేరోదు ప్రవేశించెను. ప్రతి సంవత్సరము మేము హేరోదుకు అట్టకిరీటము పెట్టి, ఎవరిదో ఒక పట్టుచీర భుజముమీద కప్పి పంపుచుందుము. ఈసారి ఆ వేషము వేసిన పిల్లవాడు తెల్లని ఖద్దరు చొక్కా తొడిగి, మీసము దువ్వుకొనుచు, వెనుక నలుగురు అనుచరులతో, స్పీకరులో సంగీతము మ్రోగుచుండగా మెల్లమెల్లగా నడచివచ్చెను. గడ్డము క్రింద చేయి త్రిప్పెను. జనములో ఈలలు లేచినవి. బేత్లెహేములోని రెండేండ్ల లోపు మగపిల్లలందరిని నరకుడని అతడు ఆజ్ఞ ఇచ్చినప్పుడును ఈలలు ఆగలేదు. నిజము చెప్పవలెనంటే అప్పుడే ఎక్కువైనవి.

మూడవ వరుసలో కూర్చున్న ఒక తల్లి లేచి, కొంగు తలమీద కప్పుకొని, ఇంటికి వెళ్లిపోయెను. ఆమె పేరు వ్రాయను. ఆమె విధవరాలై ఇరువదియేండ్లు దాటినది. ఆమె భర్త ఊరిలోని ఒక పెద్దమనిషి వెంట తిరుగుచుండెడివాడు. ఆ పెద్దమనిషికని వచ్చిన కొడవలి ఇతనిమీద పడెను.

మరునాడు నేను ఆమె యింటికి పోయి, "ఏమ్మా, నాటకం నడమనే లేచిపోతివే, పిల్లోడు సరిగా చేయలేదా?" అని అడిగితిని.

"బాగనే చేసినాడు అయ్యవారూ. అంత బాగా చేసినాడు కాబట్టే లేసి వచ్చేసినా" అనెను.

ఈ మాట అప్పటినుండి నా చెవిలో నిలిచిపోయినది. ఈ మాటనుబట్టియే నేడు మీతో సినిమాలను గూర్చి మాటలాడదలచితిని.

సంఘపత్రికలో సినిమాల గోల ఏల అని కొందరు పెద్దలు అడుగుదురు. నా చిన్నతనములో, సినిమా హాలు గడప త్రొక్కినవానికి ప్రభువుబల్లలో పాలు లేదని గద్దించిన పెద్దలను నేనెరుగుదును. వారి భక్తిని నేను తక్కువచేయను. అయితే ఇప్పుడు హాలుకు పోనక్కరలేదు గదా! నాపబండల పాలిషు మిషను ప్రక్కన సద్దన్నము తినుచు కూలివాడు అరచేతిలోనే సినిమా చూచుచున్నాడు. పండ్రెండేండ్ల పిల్ల మేకలను తోలుకొనిపోవుచు చూచుచున్నది. గడప త్రొక్కవద్దనుట చేత ఇక ఎవరిని ఆపగలము? చూచుచున్నదానిని గూర్చి నోరు విప్పి మాటలాడుకొనుటయే మిగిలినది.

ఆ నాటకమైన తరువాత మా సంఘములో రెండు పక్షములేర్పడెను. ఒక పెద్ద, "ఇకమీదట చెడ్డవానిని నడుమ నిలువబెట్టు కథలే మనకు వద్దు, మంచివానిని గూర్చియే చూపవలెను" అనెను. ఒక కాలేజీ పిల్లవాడు లేచి, "హీరో మనకు నచ్చకపోతే ఆ సినిమా ఎవరు చూస్తారు సార్? నచ్చేటట్టు తీయడమే గదా గొప్పతనం" అనెను. ఈ ఇద్దరును ఒకరికొకరు ఎదురుగా నిలిచినట్లు కనబడుదురు గాని, ఇద్దరి నమ్మకము ఒక్కటే: కథకు నడుమ నున్న మనిషిని చూపరి ప్రేమింపవలెను. ప్రేమింపదగినవాడు దొరకనిచో కథ వద్దని పెద్ద చెప్పెను. ఎట్టివానినైనను ప్రేమింపదగినవానిగా చేసి చూపవచ్చునని పిల్లవాడు చెప్పెను.

నేను ఇద్దరితోను ఏకీభవింపను. నేరకథలో ముఖ్యుడు మనకు నచ్చనివాడై యుండుట ఆ సినిమాకు లోపము కాదు, బలము. చూచుటకు అసహ్యము పుట్టించు హంతకునివలన మన పిల్లలకు హాని లేదు. హాని చేయువాడు మనకు ముద్దు వచ్చు హంతకుడు. ఈ మాటను మన సీమ కథలతోనే చూపెదను.

1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' వచ్చెను. 2001 సంక్రాంతికి 'నరసింహనాయుడు' వచ్చెను. 2002లో 'ఇంద్ర'. మూడింటికిని దర్శకుడు బి.గోపాల్. మొదటి రెండింటిలో బాలకృష్ణయు, మూడవదానిలో చిరంజీవియు నాయకులు. వాటిని చూడని యిల్లు మన మండలములో నున్నదని నేననుకొనను. వాటి అచ్చు ఒక్కటే. మొదట ఆ నాయకుడు ఎక్కడో దూరదేశములో అణకువగా బ్రతుకుచుండును. ఒకదానిలో హోటలులో పనివాడు, ఒకదానిలో నాట్యము నేర్పు గురువు, ఒకదానిలో కాశీపట్టణములో టాక్సీ నడుపువాడు. ఎవరేమన్నను పడును, నవ్వును, నవ్వించును. మన మనస్సు అతనికి అంటుకొనును. అటుపిమ్మట కథ సగములో అతని అసలు పేరు బయటపడును, జనము చేతులు కట్టుకొని లేచి నిలుతురు, అతడు కొడవలి పట్టిన కక్షలనాయకుడని తెలియును.

ఈ కూర్పులోని నేర్పును మీరు గమనింపవలెను. ముందు మనచేత ప్రేమింపజేసి, పిమ్మట నరకుట చూపుదురు. ముందు నరకుట చూపి, పిమ్మట ఇతనిని ప్రేమింపుడని అడిగినయెడల మనలో ఎందరము ఒప్పుకొందుము? వరుస మార్చుటలోనే ఉన్నది మోసమంతయు. 'నరసింహనాయుడు'లో ఊరి రక్షణ కొరకు ఇంటికొక మగబిడ్డను అప్పగించు ఘట్టమున్నది. ఆ ఘట్టము చూచి హాలులో కన్నీరు కార్చినవారిని నేను చూచితిని. నేనును కార్చితిని, దాచనేల? బయటికి వచ్చి సోడా త్రాగుచుండగా గాని నాకు తోచలేదు: కొడవలికి ఇంటికొక బిడ్డను కానుకగా ఇచ్చుటను చూచి నేను ఏడ్చినది ఆ బిడ్డల కొరకు కాదు, ఆ నాయకుని గొప్పతనము కొరకు.

మరియొక సంగతి. ఆ సినిమాలలో నాయకుని వెంట పరుగెత్తువారిని ఎప్పుడైనను లెక్కపెట్టితిరా? వారికి పేర్లుండవు. గాలిలోనికి ఎగిరి పడుదురు. పడినవాడు మరల తెరమీదికి రాడు. వాని యిల్లెక్కడ, వాని భార్య మరునాడు ఎవరి చేనికి కూలికి పోయినది, వాని బిడ్డ బడి మానెనా లేదా, ఇవేవియు ఉండవు. నేనెరిగిన పల్లెలలో కక్షలకు బలియైనవారు ఎక్కువమంది ఈ పేరులేనివారే. వీరిలో మన పేటలవారు, మన సంఘముల బాప్తిస్మపు పుస్తకములలో పేర్లున్నవారు, లేరని చెప్పగలవారెవరు?

చచ్చినవాడు చచ్చెను, బ్రతికినవాని సంగతి వినుడి. కొట్టినది ఒకడు, నేనే కొట్టితినని స్టేషనులో కూర్చుండునది ఇంకొకడు. "నీ యింటికి బియ్యము పంపెదము, పిల్లలను మేము చూచుకొనెదము" అని చెప్పి పంపుదురు. మొదటి రెండేండ్లు పంపుదురు కూడ. తరువాత ఎన్నికలు వచ్చును, రాజీలు జరుగును, నిన్నటి పగవారు ఒకే పందిటిలో భోజనము చేయుదురు. కేసు మీద వేసికొన్నవాడు మాత్రము లోపలనే యుండును. ప్రొద్దుటూరు కోర్టు వాయిదాకు పోవలసిన దినమున బస్సులో ఎదుటి పక్షమువారు ఎక్కుదురేమోనని చీకటితోనే బయలుదేరిన ఆడవారిని నేనెరుగుదును. ఏ సినిమాలో చూచితిరి ఈ బస్సును?

మన సీమలో కక్షలు తొడలు కొట్టుట కొరకు పుట్టలేదు. 1800లో ఈ దత్తమండలములు కంపెనీవారి చేతికి వచ్చినప్పుడు థామస్ మన్రో దొర కలెక్టరై 1807 వరకు ఉండి పాళెగాండ్రను అణచెను. పాళెగాండ్రు పోయిరి గాని ఊరిమీద పెత్తనమెవరిదను తగవు పోలేదు. ఆ తగవు తరువాతి కాలములో సారా పాటలకు, రోడ్డు కాంట్రాక్టులకు, గనులకు, ఓట్ల పెట్టెలకు ప్రాకెను. 2009లో కన్నుమూసిన పౌరహక్కుల న్యాయవాది కె.బాలగోపాల్ రాయలసీమ ముఠాకక్షలను గూర్చి వ్రాసినప్పుడు పెత్తనమును చూపెను గాని పౌరుషమును చూపలేదు. సినిమావారు పెత్తనమును దాచి పౌరుషమును చూపిరి. పెత్తనము చూపినయెడల నాయకుడు నచ్చడు గదా!

హైదరాబాదులో చదువుకొనబోయిన మన పిల్లలను అడిగి చూడుడి. కడప అనగానే ప్రక్కవాడు, "బాంబులు తెచ్చినావా?" అని నవ్వును. మొదట మన పిల్లలు ఆ నవ్వునకు నొచ్చుకొనిరి. తరువాత కొందరు మీసము దువ్వుకొనుట నేర్చిరి. నాకు మొదటిదానికంటె రెండవదే ఎక్కువ బాధగా నున్నది.

ఇప్పుడు నాతాను ప్రవక్త చెప్పిన కథను జ్ఞాపకము చేసికొనుడి. దావీదు అందగాడు, శూరుడు, కీర్తనలు పాడువాడు, జనులు ప్రేమించిన రాజు. అట్టివాడు ఊరియా భార్యను తీసికొని, ఊరియాను యుద్ధములో ముందు నిలువబెట్టి చంపించెను. ఊరియా తన చావు ఉత్తరమును తానే మోసికొని యోవాబునొద్దకు పోయెను. చూచితిరా, పేరున్న నాయకుని కొరకు వెంట తిరుగువాడు చచ్చుట అప్పుడును ఉన్నది. నాతాను రాజునొద్దకు వచ్చి ఒక నేరకథ చెప్పెను. గొఱ్ఱెలమందలు గల ధనవంతుడొకడు, ఒక్క గొఱ్ఱెపిల్లనే బిడ్డవలె పెంచుకొన్న బీదవానినుండి దానిని లాగుకొని, చుట్టమునకు వండి పెట్టెను. ఆ ధనవంతునికి నాతాను ఏ అందమునిచ్చెను? పేరు కూడ ఇయ్యలేదు. అతని బాల్యకష్టములు చెప్పలేదు, అతని నడకను వర్ణింపలేదు, అతని నోట ఒక చమత్కారపు మాటయైన పెట్టలేదు. వినుచుండగానే దావీదునకు కోపము రగులుకొనెను. ఆ మనుష్యుడు చావదగినవాడని తీర్పు చెప్పెను. అప్పుడు గాని నాతాను వ్రేలు రాజు తట్టు తిరుగలేదు.

నాతాను మన సినిమావారి చేతిలో తర్ఫీదు పొందియుండినయెడల ఏమి జరిగియుండును? ఆ ధనవంతుడు పొడవరియై, చలువ చొక్కాతో, ప్రక్కన పదిమంది బంటులతో వచ్చి గొఱ్ఱెపిల్లను ఒంటిచేత లేవనెత్తియుండును. దావీదు మెచ్చి నాతానుకు బంగారు కడియమిచ్చి పంపియుండును. తన ముఖము తనకు కనబడియుండదు. నచ్చని మనిషి కథకు నడుమ నిలిచినప్పుడే వినువాడు మొదట అసహ్యించుకొనును, పిమ్మట గుర్తుపట్టును. నచ్చిన మనిషిని చూచి మనము గుర్తుపట్టము, మురిసిపోవుదుము.

ఆదికాండములో లెమెకు తన భార్యలిద్దరిని పిలిచి, తాను మనిషిని చంపిన సంగతియు, తన కొరకు పగ డెబ్బదియేడంతలు తీర్చబడుననియు గొప్పలు చెప్పుకొనెను. మన కక్షల సినిమాలలో చప్పట్లు కొట్టించు మాటలన్నిటికిని మూలపురుషుడతడే. లేఖనము అతని మాటను వ్రాసి, అతనికి జయమునుగాని వీరమరణమునుగాని ఇయ్యక, దాటిపోయెను.

ఇక 'పుష్ప' దగ్గరకు వచ్చెదము. మా హేరోదు గడ్డము క్రింద త్రిప్పిన చేయి అందులోనిదే గదా. మొదటి భాగము 2021 డిసెంబరులోను, రెండవది 2024 డిసెంబరులోను వచ్చెను. దర్శకుడు సుకుమార్. మొదటి భాగములోని నటనకు అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమనటుని బహుమానము 2023లో ప్రకటింపబడెను. తెలుగు నటునికి అది మొదటిసారి. అతని నటనను నేను తక్కువచేయను. భుజమొకటి ఎత్తి నడచుట మొదలు మాట యాస వరకు అతడు పడిన కష్టము కనబడుచున్నది. ఆ నడకను మా వీధిలో ఏడేండ్లవాడు కూడ నడచుచున్నాడు. నా వాదము నటనతో కాదు.

ఎఱ్ఱచందనము లోకములో మరెక్కడను సహజముగా పెరుగని చెట్టు. మన కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల కొండలే దాని యిల్లు: శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలిగొండలు. ఆ చెట్టు నరకుటకు ఎక్కువగా తమిళదేశపు కొండజనులను, జవ్వాదు కొండలు మొదలైన చోట్లనుండి, కూలి ఆశ చూపి తెచ్చుచుండిరి. 2013 డిసెంబరులో శేషాచలము అడవిలో ఇద్దరు అటవీ ఉద్యోగులను దొంగలు చంపిరి. 2015 ఏప్రిల్ 7న అదే కొండలలో పోలీసుల తుపాకులకు ఇరువదిమంది కూలీలు చచ్చిరి. 2018 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే ఒంటిమిట్ట చెరువులో అయిదుగురు తమిళ కూలీల శవములు తేలినవి. ఆ దుంగలను అమ్మి మేడలు కట్టినవారెవరును ఆ చెరువులో తేలలేదు.

'పుష్ప' నాయకుడు కూలివాడుగానే మొదలుపెట్టును. నాకు ఆ మొదలు నచ్చినది. కులము పేరు లేనివాడు, తండ్రి యింటిపేరు దక్కనివాడు, ఎదుట కాలుమీద కాలు వేసికొని కూర్చుండుట చూచి మన పేటల పిల్లల గుండె పొంగినదనుటలో ఆశ్చర్యమేమున్నది? తరతరములుగా చేతులు కట్టుకొని నిలిచినవారికి ఆ కాలు కాలుమీద వేసిన క్షణము విలువైనదే. ఆ పొంగును నేను వెక్కిరింపను. కాని కథ జరిగినకొలది అతడేమగుచున్నాడు? తనవంటి కూలివారిని అడవికి తోలువాడగును. పాలబండిలో దుంగలు దాచు ఉపాయమునకు మనము చప్పట్లు కొట్టుదుము. దుంగను నరికినవాని భుజము తట్టు చూడము. డబ్బిచ్చి ఒక ఆడపిల్ల చూపును కొనుటను ముద్దుగా చూపిరి, మనము నవ్వితిమి. ఇతడు నచ్చనివాడుగా మారవలసిన చోట్లు ఆ కథలో ఎన్నో యున్నవి. ప్రతి చోటను సంగీతము వచ్చి అతనిని కాపాడెను. ఒక్కచోటనైనను కాపాడక విడిచియుండినయెడల, మనము ఒంటిమిట్ట చెరువు గట్టున నిలిచియుండెడివారము. సినిమా పెద్దదై యుండెడిది.

మంచి కథలే చూపుడని మా సంఘపు పెద్ద చెప్పిన ఉపాయమును అమెరికావారు ఎప్పుడో పరీక్షించిరి. అక్కడి సినిమా కంపెనీలు 1930లో ఒక నిబంధనావళి వ్రాసికొని, మతసంఘముల ఒత్తిడిమీద 1934 నుండి గట్టిగా అమలు జరిపించిరి. నేరస్థుని పక్షమునకు చూపరి సానుభూతి పోగూడదనుట అందులోని ముఖ్యమైన మాట. మాట మంచిదే. అయితే అది జరిగిన తీరు వేరు. అంతకుముందే, 1932లో 'స్కార్‌ఫేస్' అను దొంగలనాయకుని సినిమాకు సెన్సారువారు పట్టుబట్టి, ఇది దేశమునకు సిగ్గు అని పేరులో ఒక తోక తగిలింపజేసిరి. తోకను చూచి మారినవాడెవడు? తుపాకి పట్టినవాడు దర్జాగా కనబడినంతసేపు వెనుకనుండి గద్దింపు వినబడదు. మన కక్షల సినిమాలును అంతే. రెండు గంటలు నరికి, కడపటి పది నిమిషములు కత్తులు పారవేయుడని ప్రసంగము. మన పిల్లలకు ఆ ప్రసంగములో ఒక్క మాటయైన నోటికి రాదు. నరకుటకు ముందు చెప్పిన మాటలన్నియు వచ్చును.

నచ్చని నాయకుని ఎవరు చూతురని అడిగిన పిల్లవానికి జవాబు మన యింటిలోనే యున్నది. పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో పుట్టిన బి.ఎన్.రెడ్డి గారు 1945లో 'స్వర్గసీమ' తీసిరి. నేరకథ కాదు గాని నా మాటకు సరిపోవును. భక్తుల వేషములు వేసి జనము చేత మ్రొక్కించుకొన్న నాగయ్యగారి చేత, ఇల్లాలిని బిడ్డలను విడిచి నటి వెంట పోవు మనిషి వేషము వేయించిరి. ఆ మనిషిని చూచి ఒళ్లు మండును. సినిమా మాత్రము జయముగా ఆడినది. అదే దర్శకుడు 1955లో 'బంగారుపాప' తీసిరి. ఆంగ్లరచయిత్రి జార్జి ఎలియట్ నవల దానికి ఆధారము. ఎస్.వి.రంగారావు వేసిన కోటయ్య మొరటువాడు, లోకముమీద కసిగలవాడు. అట్టివాని చేతిలో ఒక పసిబిడ్డ పడును. మొదటినుండియు అతడు ముద్దువచ్చువాడై యుండినయెడల ఆ బిడ్డ వలన అతనికి జరిగిన మార్పు మనకు తెలిసెడిదా? ఈ ఊరి చుట్టుప్రక్కల నుండి పోయినవాడు ఎనుబదియేండ్ల క్రిందటనే ఈ పని చేసి, 1974కు దాదాసాహెబ్ ఫాల్కే బహుమానము పొందెను. దక్షిణదేశపు సినిమావారిలో అది పొందిన మొదటివాడాయనయే. మనవారికి చేతకాదని మనమేల అనవలెను?

బయటి దేశపు మాట ఒక్కటి చెప్పెదను. 'గాడ్‌ఫాదర్' 1972లో వచ్చినప్పుడు ఆ కుటుంబమును లోకము ప్రేమించెను. 1974లో రెండవ భాగము వచ్చెను. అందులో చిన్నకొడుకు మైఖేల్ తన సొంత అన్నను సరస్సుమీద పడవలో చంపింపజేయును. ఆ తరువాత అతడు ఒంటరిగా కూర్చుండును, మనకు అతనిమీద ఏ ప్రేమయు మిగులదు. కయీను ఇట్లే కూర్చుండియుండునని నాకు తోచెను. ఆ రెండవ భాగమునే గొప్పదని చెప్పువారు అనేకులున్నారు. నేను వారితో చేయి కలుపుదును.

నా వాదమునకు అడ్డుపడు సినిమా ఒకటి యున్నది, దానిని దాటిపోయినయెడల న్యాయము కాదు. 2010లో రాంగోపాల్ వర్మ అనంతపురపు కక్షలను ఆధారము చేసికొని 'రక్తచరిత్ర' రెండు భాగములుగా తీసెను. అందులో ముద్దువచ్చువాడు దాదాపు ఎవడును లేడు. మరి నేను చెప్పినట్లు అది మేలైన సినిమా కావలెను గదా? కాలేదు. మనుష్యులను ఏవగింపుగా చూపిరి గాని, నరుకుటను మాత్రము రుచిగా చూపిరి. రక్తము చిమ్ము ప్రతిసారి కెమెరా దగ్గరకు పోయి చప్పరించినట్లుండును. అనగా అందము మనిషినుండి తీసి కొడవలికి పెట్టిరి. కాబట్టి నా మాటను కొంచెము సవరించుకొనవలసివచ్చెను: హంతకునికిని వద్దు, అతని చేతిలోని ఇనుమునకును వద్దు. అదే దర్శకుడు అంతకు పండ్రెండేండ్ల ముందు, 1998లో, హిందీలో తీసిన 'సత్య'లో భీకూ అను రౌడీని అందరును ప్రేమించిరి. నేనును ప్రేమించితిని. కాని తనవాడనుకొన్న రాజకీయనాయకుని చేతిలో అతడు కుక్కచావు చచ్చును. ఆ చావునకు అలంకారము లేదు. నచ్చినవానిని చూపవలసివచ్చినను ఇట్లు చూపవచ్చునని ఒప్పుకొనుచున్నాను. అయితే అట్లు చూపగలవారు అరుదు.

2018లో త్రివిక్రమ్ తీసిన 'అరవింద సమేత వీర రాఘవ' నన్ను చాల దినములు ఆలోచింపజేసెను. కక్షను ఆపుటయే దాని కథ. అందులో జగపతిబాబు వేసిన బసిరెడ్డి, మెడకు గాయముతో, మాట సరిగా రాక, ఊరు తగలబడినను తన పంతము నిలువవలెనని కూర్చుండు మనిషి. సంధికి సమ్మతించిన తన కొడుకునే చంపును. మీసము దువ్వినను అందము రాదు. ఇరువదియేండ్ల కక్షల సినిమాలలో నిజమైన ముఠానాయకుని నేను చూచినది అక్కడనే. అయితే ఆ కథ అతనిది కాదు. మొదటి భాగములోనే యౌవనుడైన నాయకుడు అదే కొడవలితో, చొక్కా లేని దేహముతో, పదులకొలది మనుష్యులను నరకును, హాలు దద్దరిల్లును. తరువాత అతడు శాంతి మాట చెప్పును. శాంతి మాట వినుటకు ముందు మనకు నరకుట రుచి చూపవలసివచ్చెను! నిర్మాతల లెక్క నాకు తెలియును, టిక్కెట్లు తెగవలెను. అయినను బసిరెడ్డినే నడుమ నిలువబెట్టి, అతని కండ్లతోనే ఆ ఊరిని మనకు చూపియుండినయెడల, మా మూడవ వరుసలోని తల్లి లేచిపోకుండ కడవరకు కూర్చుండెడిదని నాకు నమ్మకము.

ఆ హేరోదు వేషగాడు గత నెలలో నా యింటికి వచ్చెను. మంచి పిల్లవాడు, సిమెంటు ఫ్యాక్టరీలో లారీల లెక్క వ్రాయుచున్నాడు. ఎవరో చెప్పగా తనమీద నేను వ్రాయుచున్నానని విని వచ్చెను. "మరి ఎట్ల చేయమంటారు సార్ హేరోదును?" అని అడిగెను. యూదుల చరిత్ర వ్రాసిన యోసేపస్ మాటలు అతనికి చదివి వినిపించితిని. హేరోదు తన భార్య మరియమ్నెను చంపించెను, తన కన్నకొడుకులను చంపించెను. కడపట దేహమంతయు దురదపెట్టుచు, ప్రేగులు కుళ్లి, దుర్వాసనతో, ఎవరు తనను చంపుదురోనని ఎవరిని నమ్మక చచ్చెను. "కిరీటం కింద గోక్కుంటా రావాల. పిల్లలను చంపమని చెప్పేటప్పుడు గొంతు వణకాల. భయపడి చంపినాడు గాని మగతనంతో కాదు" అని చెప్పితిని.

పిల్లవాడు కొంతసేపు ఊరకుండెను. "అట్ల చేస్తే ఈలలు పడవు గద సార్" అనెను.

"పడవు."

"మా ఫ్రెండ్సు నవ్వుతారు."

"నవ్వవచ్చు" అంటిని. కాగితములు మడిచి జేబులో పెట్టుకొని పోయెను. వేయునో వేయడో తెలియదు.

ఆ సాయంకాలమే ఆ తల్లికి ఈ సంగతి చెప్పితిని, సంతోషించుననుకొని. ఆమె బియ్యము ఏరుచు తల యెత్తక, "హేరోదు సంగతి సరే అయ్యవారూ, ఆ సచ్చిపోయిన పిల్లోళ్ల తల్లులు మీ నాటకంలో యాడుండారు?" అనెను.

ఆ నాటకమును ఏటేట వ్రాసి ఇచ్చుచున్నది నేనే. ఇరువదిరెండు సంవత్సరములనుండి వ్రాయుచున్నాను. గొల్లలకు మాటలున్నవి, జ్ఞానులకున్నవి, సత్రపువానికి కూడ రెండు మాటలున్నవి. రామాలో వినబడిన ఏడ్పును మత్తయి వ్రాసెను. నేను ఒక్కసారియు వ్రాయలేదు. ఈ డిసెంబరుకు వ్రాసెదనని, ఆ మాటలు నీవే వచ్చి చెప్పుమని ఆమెను అడిగితిని. చేట ప్రక్కన పెట్టి, ఆలోచించుకొని చెప్పెదనని అన్నది.